ఇంజిన్ దీపం వెలిగితే: ద్వీపవాసికి కావలసిన మరమ్మతు హక్కు

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని శ్రీ విజయపురంలో గంటస్తంభం చుట్టూ విస్తరించిన అబర్డీన్ బజార్ ప్రధాన వాణిజ్య కేంద్రం. 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్‌గా వ్యవహరించిన ఈ నగరానికి కార్లు వచ్చేది సముద్రం దాటే. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి ఓడ ప్రయాణానికే సుమారు మూడు రోజులు పడుతుంది. అందువల్ల కారులో ఇంజిన్ హెచ్చరిక దీపం వెలిగినప్పుడు లోపాన్ని సరిగా గుర్తించడం ఇక్కడ మరింత కీలకం. అవసరం లేని విడిభాగాన్ని తెప్పిస్తే డబ్బు వృథా అవుతుంది. బండిపైనే బతికే టాక్సీ డ్రైవరుకు అన్ని రోజుల సంపాదనా పోతుంది.

ఆ దీపం వెనుక పనిచేసేది ఆన్‌బోర్డ్ డయాగ్నొస్టిక్స్, క్లుప్తంగా ఓబీడీ. 2020 ఏప్రిల్ 1న దేశమంతటా బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. 2023 ఏప్రిల్‌లో మొదలైన రెండో దశలో ఈ నిఘా మరింత కట్టుదిట్టమైంది. సెన్సర్ల సంకేతాలు పరిమితి దాటితే ఇంజిన్ కంప్యూటర్ ఒక కోడ్‌ను నమోదు చేస్తుంది. 'పి'తో మొదలైతే అది ఇంజిన్, గేర్‌బాక్స్‌లకు సంబంధించినది. తర్వాతి అంకె సున్నా అయితే అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడ్. 1 అయితే సాధారణంగా తయారీదారు సొంత కోడ్.

అయితే కోడ్ తెలిపేది లక్షణాన్నే. ఒంటికి జ్వరం వచ్చిందని థర్మామీటరు చెబుతుంది, ఎందుకు వచ్చిందో చెప్పదు. ఉదాహరణకు పి0420 వస్తే, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ సామర్థ్యం తగ్గినట్లు కంప్యూటర్ భావించిందని అర్థం. ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి లోహాలు వాడే ఆ భాగం ఖరీదైనది. దాన్ని మార్చే ముందు పొగగొట్టంలో లీకేజీ, ఆక్సిజన్ సెన్సర్, దాని తీగలు, ఇంజిన్‌లో మిస్‌ఫైర్ ఉందా అన్నవి పరీక్షించాలి. ఉప్పుగాలి, దీర్ఘకాలపు వానలు ఉన్న ఈ దీవుల్లో కనెక్టర్లకు పట్టిన తుప్పు కూడా సెన్సర్ల సంకేతాలను తప్పుదారి పట్టించగలదు. కారణం సరిచేయకుండా కోడ్‌ను చెరిపివేస్తే దీపం మళ్లీ వెలుగుతుంది.

ఉమ్మడి కోడ్‌లను చవక స్కానర్ కూడా చదువుతుంది. తయారీదారు కోడ్‌లకు, లోతైన పరీక్షలకు మాత్రం చాలాసార్లు ఆ కంపెనీ పరికరం, సమాచారం కావాలి. చిన్న మెకానిక్‌కు అవి అందకపోవడమే అసలు సమస్య. కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలను, రోగనిర్ధారణ పరికరాలను స్వతంత్ర మెకానిక్‌లకు అందుబాటులో ఉంచాలని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించి, ఆటోమొబైల్ రంగాన్నీ అందులో చేర్చింది.

పోర్టల్‌లో సమాచారం ఉన్నంత మాత్రాన అది వర్క్‌షాపు గడప తొక్కదు. మరమ్మతు సమాచారం సరసమైన ధరకు దొరకాలి. ఐటీఐలలో రెంచ్ పట్టడంతోపాటు సెన్సర్ వోల్టేజీ కొలవడమూ నేర్పాలి. తరచుగా అవసరమయ్యే సెన్సర్లు, కనెక్టర్లు ద్వీపంలోనే నిల్వ ఉండాలి.

వాహనదారులు గుర్తుంచుకోవలసినవీ ఉన్నాయి. దీపం నిలకడగా వెలిగితే త్వరలో పరీక్ష చేయించాలి. మినుకుమినుకుమంటే అది తీవ్రమైన మిస్‌ఫైర్‌కు సంకేతం. సురక్షితమైన చోట బండిని ఆపాలి. మెకానిక్ ఏదైనా భాగం మార్చాలంటే, కోడ్ ఏమిటి, ఏ పరీక్షతో నిర్ధారించారు అని అడగాలి. మరమ్మతు హక్కు ఆచరణలోకి వచ్చేది ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పగల సాధనాలు అబర్డీన్ బజార్ మెకానిక్ చేతికి అందిన రోజే.