వెనక దీపం ఎవరి కోసం?

ఉదయగిరి బస్టాండు దగ్గర టీ తాగుతుంటే మా మిత్రుడొకడు ఫోన్లో ఫోటో చూపించాడు. అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా, దాని మొహాన పిల్లికళ్ళలాంటి చిన్న ఎర్ర గాజులు. "ఒరిజినల్ రా! యుద్ధం నాటిది. అమెరికా నుంచి తెప్పించా" అన్నాడు, కుదిరిన సంబంధం ఫోటో చూపించినంత మురిపెంగా. ధర చెప్పాడు. ఆత్మకూరులో మెకానిక్ షెడ్డులో పనిచేసే కుర్రాడికి అది రెండు నెలల జీతం.

వాడుండేది బెంగుళూరు. ఉదయగిరి పక్క ఊళ్ళో ఒక కుటుంబం దగ్గర పాత జీపు కొన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా చేసిన జీపుల్లో ఒకటి. ఫోర్డ్ వాళ్ళు తాము చేసిన బోల్టుల మీద కూడా 'ఎఫ్' అక్షరం కొట్టేవాళ్ళు. మావాడు పడుకుని, టార్చి వేసి, ఆ అక్షరాలు వెతుక్కుంటూ ఒక ఆదివారమంతా గడిపాడు. దాన్ని నేను వెక్కిరించను. తాళపత్రంలో లేఖకుడి పేరు వెతికేవాళ్ళని మనం గౌరవిస్తాం కదా, ఇదీ అలాంటిదే.

ఆ వెనక దీపాన్ని కూడా వెక్కిరించను. నిజానికి ఆ బండి మొత్తంలో యుద్ధాన్ని గట్టిగా గుర్తుపెట్టుకున్నది అదే. జీపు వెనక రెండు డబ్బాలుంటాయి. ఎడమదాంట్లో పైన మామూలు ఎర్రదీపం, కింద బ్లాకౌట్ దీపం. కుడిదాంట్లో పైన బ్లాకౌట్ బ్రేకు దీపం, కింద మళ్ళీ బ్లాకౌట్ దీపమే. ఈ బ్లాకౌట్ దీపాలు పైన ఎగిరే విమానానికి కనపడకూడదు, వెనకొచ్చే డ్రైవరుకి మాత్రం కనపడాలి. పైగా దూరం కూడా చెప్పాలి. 60 అడుగుల లోపుకొస్తే ఎర్ర చుక్కలు రెండు జతలుగా కనిపిస్తాయి, మరీ దగ్గరికొచ్చావని అర్థం. 60 నుంచి 180 అడుగుల మధ్య ఒక్క జత. అది దాటితే అన్నీ కలిసి ఒకే చుక్క. కొలబద్ద లేకుండా, మాట లేకుండా, చీకట్లో వందల బండ్లు ఒకదాని వెనక ఒకటి నడవడానికి ఎవరో ఇంజినీరు కట్టిన లెక్క అది.

ఆ చీకటి మనకీ తెలిసిందే. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులేశాయి. మద్రాసు సగం ఖాళీ అయింది. దీపం కనపడితే ప్రాణం పోతుందని మన ఊళ్ళు కూడా కొన్నాళ్ళు బతికాయి. ఆ భయం ఎంతుండేదో చేతిలో పెట్టి చూపించే వస్తువు కోసం ఎవరైనా డబ్బు ఖర్చు పెడితే నాకు అభ్యంతరం లేదు.

నా గొడవ ఆత్మకూరు షెడ్డులో మొదలైంది.

జీపుకి అప్పటిదాకా వెనక ఉన్నది ట్రాక్టరు ట్రాలీకి బిగించే గుండ్రటి ఎర్రలైటు. దాన్ని పట్టుకున్న క్లాంపు నూనెడబ్బా రేకుతో చేసింది. అంచు చేతికి కోసుకోకుండా చుట్టూ మడిచి, సుత్తితో సన్నగా కొట్టి ఉంది. మావాడు దాన్ని చూసి "ఈ చెత్తంతా పీకెయ్యండి" అన్నాడు. మేస్త్రీ ఏమీ అనలేదు. ఆ మడత వేసింది ఆయనేనో, ఆయన గురువో, నేను అడగలేదు. అడగాల్సింది.

అయ్యా, ఆ జీపు మిలిటరీలో ఎన్నాళ్ళుంది? మహా అయితే రెండు మూడేళ్ళు. యుద్ధమయ్యాక డిస్పోజల్స్‌లో అమ్మేశారు. ఆ తర్వాత డెబ్భై ఏళ్ళకు పైగా అది ఇక్కడే ఉంది. ఎన్నికలకి మైకు కట్టుకుని తిరిగింది, ఏఎస్ పేట దర్గాకి జనాన్ని మోసింది, పదిమంది కూర్చునే చోట ఇరవైమందిని ఎక్కించుకుంది. మూడేళ్ళ యుద్ధం 'అసలు', డెబ్భై ఏళ్ళ బతుకు 'చెత్త' అని లెక్క తేల్చిందెవరు? మన దేశంలో జీపు చరిత్రే అతుకుల చరిత్ర. 1947లో విడిభాగాలు తెప్పించి ఇక్కడ జీపులు బిగించడం మొదలుపెట్టిన కంపెనీ పేరు అప్పటికి మహీంద్రా అండ్ మొహమ్మద్. మొహమ్మద్ గారు పాకిస్తాన్ వెళ్ళిపోయాక, 1948లో, మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఇందులో ఏ పేరు ఒరిజినల్ అంటారు?

ఇంకో సంగతి. ఈ జీపు బానెట్టు కింద ఉన్నది డీజిల్ ఇంజను, ఎప్పుడో మార్చింది. వింటేజ్ బండ్ల కోసం 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనలు యాభై ఏళ్ళు దాటిన బండి మూలరూపంలోనే ఉండాలంటాయి. ఛాసీ, బాడీ, ఇంజను పెద్దగా మార్చకూడదంటాయి. మావాడికి ఇంజను గురించి దిగులు లేదు. బానెట్టు మూసే ఉంటుంది కదా! వెనక దీపం మాత్రం ఫోటోలో పడుతుంది. ఈ 'ప్రామాణికత' పిచ్చిలో తొంభై పాళ్ళు ఇంతే. కెమెరాకి అందేంతవరకు చరిత్ర, ఆ తర్వాత డీజిలు.

వాళ్ళ మార్కెట్టు సంగతి కూడా చెప్పాలి. కొత్తగా చేసిన దీపాన్ని ఉప్పునీళ్ళలో నానబెట్టి తుప్పు పట్టించి పాతదని అమ్మొచ్చు. లేదా పల్లెలో ఇంకా కదిలే జీపు నుంచి ఒక్క దీపం ఊడబీకి, వెయ్యో రెండువేలో చేతిలో పెట్టి, దాన్ని సిటీలో ఇంకో జీపుకి తగిలించొచ్చు. రెండోదే నిజాయితీ అనుకుంటారు చాలామంది. ఉదయగిరి వాళ్ళకి ఈ పద్ధతి కొత్త కాదులెండి. 1514లో దుర్గం గెలిచిన కృష్ణదేవరాయలు ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉందంటారు. ఉదయగిరిలో దేవుడు లేడు, హంపీ గర్భగుడిలోనూ లేడు. విగ్రహం మాత్రం అచ్చమైన ఒరిజినల్.

సరే, దీపం బిగించారు. ఎడమపక్క మామూలు ఎర్రదీపానికి కరెంటిచ్చారు. టప్‌మంది. యుద్ధం జీపుది 6 వోల్టుల కరెంటు, డీజిల్ ఇంజను పెట్టినప్పుడు 12 చేశారు. బల్బు మారుద్దామంటే గాజూ బల్బూ కలిపి సీలు చేసిన దీపం అది, విప్పడానికి లేదు. మేస్త్రీ పాత ఎర్రలైటు చేతిలో పట్టుకునే అన్నాడు: "అబయా, ఇది కూడా ఒక మూల ఉండనీ. పొద్దుగూకినాక ఎనకాల ఎర్రగా కనపడకపోతే లారీవోడు ఎక్కిచ్చేస్తాడు." మావాడు ఒప్పుకోలేదు. లుక్కు పోతుందట. మధ్యలో రెసిస్టరు పెట్టించుకుని, బ్లాకౌట్ దీపాలు వెలిగించుకుని బయల్దేరాం.

మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం వెనక ఎర్రదీపం 155 మీటర్ల దూరం నుంచి కనపడాలి. మా జీపు దీపం 180 అడుగులకే, అంటే 55 మీటర్లకే, ఒక్క చుక్కైపోతుంది. ఆ చుక్కని వెతుక్కుంటూ నడపడానికి వెనక వచ్చేది కాన్వాయ్ డ్రైవరు కాదు, ఎక్కడినుంచో సరుకుతో వస్తున్న లారీ. ఉదయగిరి దారిలో గొర్రెలు అడ్డమొస్తే మావాడు బ్రేకేశాడు. వెనక టైర్లు కీచుమన్న చప్పుడు, హారను, కిటికీలోంచి ఒక బూతు. లారీ మా కుడిపక్క నుంచి జానెడు దూరంలో మట్టి రేపుకుంటూ పోయింది. ఆ బూతులో ఒక్కటే అర్థమైంది: "లైటు లేకుండా ఏందిరా!"

లైటుంది. 1944 నాటి లైటు, 1944 నాటి పనే చేసింది. ఎవరికీ కనపడకుండా ఉండటం దాని పని.

రోడ్డు పక్కన కాసేపు కూర్చున్నాం. మావాడి చేతులు వణుకుతున్నాయి. కాసేపటికి మేస్త్రీకి ఫోన్ చేసి, ఆ పాత లైటు పారేశారా అని అడిగాడు.

"యాడ పారేస్తాం నాయనా, మేకుకి తగిలిచ్చినా. తెల్లారినాక రాండి. ఇప్పుడు మాత్రం బండి కదిలీయబాకండి."