డిపాజిట్ పెంచితే గోడు తీరదు

1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీపడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన పల్లెల గోడు అది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగే వాయిదా పడింది. చట్టం మాత్రం ఆ ఏడాదే రూ.500 డిపాజిట్‌ను రూ.10,000 చేసింది. ఇప్పుడది రూ.25,000. పోలై, చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ఆ సొమ్ము గల్లంతే. పైగా గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రుడికి పదిమంది కావాలి.

అయినా 2019లో నిజామాబాద్‌లో 178 మంది రైతులు బరిలో దిగారు. పసుపు, ఎర్రజొన్నలకు గిట్టుబాటు ధర కోసం. పోలింగ్ కేంద్రాల్లో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. గెలవమని వారికి తెలుసు. వినేవాళ్లు లేకే నామినేషన్ వేశారు. ప్రతిపాదకుల నిబంధన అందరికీ ఒకేలా ఉండాలి, డిపాజిట్ తగ్గాలి.