నడకకు నీడ కావలెను
హైదరాబాదు నగరమున జూబిలీహిల్స్, బంజారాహిల్స్‌ల నడుమ నున్నదియు, 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడినదియు నైన కాసు బ్రహ్మానందరెడ్డి వనము చుట్టును ప్రాతఃకాలమున నడచువారిని చూచినచో, మన నగరవాసులకు దేహపరిశ్రమయందు శ్రద్ధ లేదనువారు తమ మాటను సవరించుకొనక తప్పదు; చెట్టునీడయు, వాహనముల బెడద లేని బాటయు లభించెనేని, వైద్యుడు పదేపదే చెప్పినను కదలని కాళ్లు తమంతట తామే కదలును. అయినను ఆ వనద్వారముచెంత బారులు తీరిన కార్లను గమనించినవారికి, ఇరుగుపొరుగు సంపన్నులకును, నడచుటకై కారెక్కి రాగలవారికిని తప్ప ఆ భాగ్యము అంత సులభముగా దక్కుట లేదని తోచకమానదు. వయోజనులు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. దినమునకు అరగంటయైనను కాని ఆ కొద్దిపాటి నడకకై, ఇరుకుసందులో అద్దెకుండి, వంటయిల్లు సర్దుకొని సాయంకాలము వెలికి రాదలచిన గృహిణి, కాలిబాట నాక్రమించిన ట్రాన్స్‌ఫార్మరును, ఇసుకకుప్పను, నిలిపిన స్కూటర్లను తప్పించుకొనుచు, పెద్దరోడ్డు దాటి మైళ్లకొలది దూరము పోవునా? కావున పురపాలకులు ఊరికొక మహోద్యానమును నిర్మించి తృప్తినొందుటకంటె, పేటపేటకును రుసుము లేని చిన్నతోటను, అందు నాలుగు వేపచెట్లను, వృద్ధులు కూర్చుండుటకు బల్లలను, చీకటిపడిన పిదప స్త్రీలు నిర్భయముగా తిరుగుటకు దీపములను సమకూర్చి, పగటివేళ గేటుకు తాళము వేయు అలవాటును మానుట మేలు. ఆరోగ్యదినోత్సవములనాడు చేయు ఉపన్యాసములకు వెచ్చించు ధనము ఆ తోటమాలి జీతమునకు మళ్లించినను ప్రజల కెక్కువ ఉపకారము జరుగును.