టన్నుల్లో తప్పిపోతున్న బస్తాలు

2025 వానాకాలంలో యూరియా కోసం తెలంగాణ రైతులు తెల్లవారకముందే సహకార సొసైటీల ముందు బారులు తీరారు. నిలబడే ఓపిక లేనివాళ్లు వరుసలో చెప్పులు పెట్టి పక్కన కూర్చున్నారు. కొరతకు పెద్ద కారణాలే ఉన్నాయి. దిగుమతులు తగ్గాయి, రామగుండం కర్మాగారంలో ఉత్పత్తి ఆగింది. వాటిని నిజామాబాద్‌లో కూర్చుని ఎవరూ సరిచేయలేరు. కానీ వచ్చిన సరుకు ఏ దుకాణంలో ఎంత ఉందో సరిగ్గా లెక్కగట్టడం మాత్రం జిల్లా చేతిలో ఉన్న పనే. దాన్ని కంప్యూటర్ ఆపరేటర్‌కు అప్పగించి మరిచిపోతున్నామని నా బాధ.

నిజామాబాద్ జిల్లాలోని బోధన్ వైపు ఈ లెక్క మరీ ముఖ్యం. షక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడ్డాక చెరకు వేసిన చేతులే వరి నాట్లకు మళ్లాయి. నిజాంసాగర్ కాలువ కింద నాట్లన్నీ ఇంచుమించు ఒకేసారి పడతాయి. రుద్రూర్, వర్ని, కోటగిరి, ఎడపల్లి, రెంజల్ రైతులకు యూరియా కావలసిందీ ఆ కొద్ది రోజుల్లోనే. ఆ వారంలో లెక్క తప్పితే వచ్చే వారం దిద్దినా పైరుకు ఒరిగేదేమీ లేదు.

ఎరువులు ఈ-పాస్ యంత్రంలో నమోదు చేసే అమ్మాలి. అయితే రద్దీలో ముందు బస్తాలు ఇచ్చి, సాయంత్రం యంత్రంలోకి ఎక్కించే దుకాణంలో గోదాం నిల్వ ఒకటి, యంత్రం చూపే నిల్వ ఇంకొకటి. అందుకే రోజువారీ నిల్వను విడిగా ఎక్సెల్ షీట్లలో, వాట్సాప్‌లో తెప్పించుకోవాల్సి వస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఒక దుకాణం నుంచి ‘220’ అని వచ్చిందనుకోండి. బస్తాలా, టన్నులా? బస్తాలే అనుకుందాం. 2018లో యూరియా బస్తా 50 కిలోల నుంచి 45 కిలోలకు తగ్గింది. పాత అలవాటుతో 50తో గుణిస్తే 11 టన్నులు, నిజానికి ఉన్నది 9.9 టన్నులు. ఒక్క దుకాణంలోనే దాదాపు 24 బస్తాలు కాగితం మీద పుట్టుకొచ్చాయి. డీఏపీ బస్తా ఇప్పటికీ 50 కిలోలే. సల్ఫర్ పూత వేసిన యూరియా గోల్డ్ 40 కిలోలు. నానో యూరియా అర లీటరు సీసా. వీటన్నిటినీ ‘యూరియా, ఎరువులు’ అంటూ ఒకే నిలువు వరుసలో కూడితే వచ్చే అంకెకు అర్థం లేదు.

ఊరి పేరుతోనూ తంటానే. ఎడపల్లిని ఇంగ్లిషులో ఒకరు ‘వై’తో, ఇంకొకరు ‘ఇ’తో రాస్తే కంప్యూటర్‌కు అవి రెండు మండలాలు. 05/08 అని తేదీ రాస్తే అమెరికా పద్ధతిలో ఉన్న కంప్యూటర్ దాన్ని మే 8గా తీసుకుంటుంది. అన్నిటికన్నా ప్రమాదం ఖాళీ గడి. అసలు లెక్కే పంపని దుకాణం, స్టాకు లేని దుకాణం కూడికలో ఒకేలా కనిపిస్తాయి. ఒక చోటికి ఫోన్ చేయాలి, రెండో చోటికి లారీ పంపాలి. ఆ తేడా చెరిగిపోతే లారీ దారి తప్పుతుంది.

దీనికి మందు ఖరీదైంది కాదు. దుకాణాన్ని పేరుతో కాకుండా డీలర్ ఐడీతో గుర్తించాలి. వచ్చిన షీటును ముట్టుకోకుండా దాచి, పక్కన ఇంకో షీటులో రకం, బస్తా బరువు, బస్తాల సంఖ్య విడివిడిగా రాసి, టన్నులు సూత్రంతో తేల్చాలి. దారిలో ఉన్న లారీని దుకాణం నిల్వలో కలపకూడదు. పొంతన కుదరని వరుసలను ఊహతో సర్దకుండా మొత్తం కిందే విడిగా చూపాలి. ‘ఇన్ని దుకాణాల లెక్క వచ్చింది, ఇన్నిటిది రాలేదు’ అని రాయని మొత్తాన్ని కలెక్టర్ సమీక్షలో ఎవరూ ఒప్పుకోకూడదు. నున్నగా కనిపించే మొత్తం కంటే లోపాలు పైకి చెప్పే మొత్తమే రైతుకు మేలు.

పుస్తకంలో అంకెను అసలుతో పోల్చకపోతే ఏమవుతుందో బోధన్‌కు ఇప్పటికే తెలుసు. 2017లో బయటపడ్డ వాణిజ్య పన్నుల కుంభకోణంలో నకిలీ చలాన్లతో పన్ను కట్టినట్టు చూపారు. వ్యవహారం సీఐడీ దర్యాప్తు దాకా వెళ్లింది. ఎరువుల షీట్లలో మోసమే ఉందని నేను అనడం లేదు. ఎక్కువగా జరిగేది అలసట, తొందర. కానీ సరిచూసే అలవాటు లేని చోట పొరపాటుకూ మోసానికీ ఒకే తలుపు తెరుచుకుంటుంది.

1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ప్రతి డీలరూ నిల్వ, ధర తెలిపే బోర్డు పెట్టాలి. జిల్లా లెక్కకు రుజువు ఆ బోర్డే. వ్యవసాయ శాఖ తన షీటును దుకాణాల వారీగా, బస్తాల్లో, ప్రతి సాయంత్రం జనం ముందు పెట్టాలి. రైతన్నలూ, ఈసారి దుకాణానికి వెళ్లినప్పుడు ముందు ఆ బోర్డు చూడండి. బోర్డు మీది అంకెకూ దుకాణంలోని నిల్వకూ తేడా ఉంటే ఫొటో తీసి మీ వ్యవసాయ విస్తరణ అధికారికి (ఏఈఓకు) ఆ రోజే పంపండి.