దండనమా, ప్రాయశ్చిత్తమా?

తెలంగాణలో 2017 ఆగస్టులో ట్రాఫిక్ ఉల్లంఘనలకు పెనాల్టీ పాయింట్ల విధానము వచ్చినది. 24 మాసములలో 12 పాయింట్లు చేరినచో ఏడాదిపాటు లైసెన్సు రద్దు అని నాటి నియమము. బ్రిటన్‌లో స్వల్పమైన అతివేగమునకు పాయింట్లకు బదులు అవగాహన తరగతికి హాజరగు అవకాశము కలదు. అది శిక్షను తప్పించుకొనుట కాదా యని సందేహము. కాదు. దండము భయమును కలిగించును. ప్రాయశ్చిత్తము బుద్ధిని శుద్ధి చేయును. అయితే పశ్చాత్తాపము, మరల చేయనను నిశ్చయము లేనిచో ఆ తరగతి సంకల్పరహితమైన గోదావరీస్నానమే: దేహము తడియును, దోషము నిలుచును. కఠోపనిషత్తు బుద్ధిని సారథిగా చెప్పినది; బోధ ఆ సారథికి చేరవలెను. నస్పూర్ దారిలో బొగ్గు టిప్పర్ల నడుమ షిఫ్టు ముగించి ఇల్లు చేరు కార్మికుని కాపాడునది లైసెన్సుపై అంకె కాదు, చోదకుని నిగ్రహము. అట్టి తరగతులు ఇచటను రావలెను.