మాత్రలు ఆగాక దోమల సంగతేమిటి? పుదుచ్చేరి బోదకాలు అనుభవం

పుదుచ్చేరి చూడవచ్చిన వారికి పట్టణం మధ్యనున్న పెద్ద కాలువ ఒక సరిహద్దు గీతలా కనిపిస్తుంది. తూర్పున ఫ్రెంచివారి కాలపు వీధులు, పడమట తమిళ వీధులు. క్యూలెక్స్ దోమకు ఆ గీతతో పనిలేదు. మురుగు నిలిచిన చోటల్లా దానికి పుట్టిల్లే. పెద్ద కాలువ కావచ్చు, ఇంటి వెనక సెప్టిక్ ట్యాంకు కావచ్చు, మూతలేని సందు కాలువ కావచ్చు. బోదకాలు వ్యాధిని మనిషి నుంచి మనిషికి మోసేది ఈ దోమే.

1975లో భారత వైద్య పరిశోధన మండలి తన వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌ను ఈ పట్టణంలోనే నెలకొల్పింది. అప్పటి నుంచి ఇక్కడ జరిగిన పని ప్రపంచంలో బోదకాలుపై ఆలోచనను మార్చింది. అయితే ఆ పనిలో సగాన్ని మాత్రమే దేశం నేర్చుకున్నట్టు కనిపిస్తుంది. మాత్రల సగం తలకెక్కింది. మురుగు సగం ఇంకా బయటే ఉంది.

ముందు వ్యాధి సంగతి. దీనికి కారణం ఉచరేరియా బాంక్రాఫ్టి అనే దారం లాంటి పురుగు. ఆడ పురుగు 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుంటుంది. మగది అందులో సగమే. ఇవి మనిషి లింఫ్ నాళాల్లో సుమారు 6 నుంచి 8 ఏళ్లు బతుకుతూ లక్షల సంఖ్యలో మైక్రోఫైలేరియాలనే సూక్ష్మ పిల్లలను రక్తంలోకి వదులుతాయి. ఆ పిల్లలు పగలంతా శరీరం లోపలి రక్తనాళాల్లో దాగి, రాత్రి పొద్దుపోయాక చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. క్యూలెక్స్ కుట్టేదీ ఆ వేళకే. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రి పది దాటాక తలుపు తట్టి వేలి నుంచి రక్తపు చుక్క తీసుకునేవారు. ఈ పురుగు దోమలో పెరుగుతుందని 1877లో పాట్రిక్ మాన్సన్ చైనాలోని అమోయ్‌లో గమనించాడు. మలేరియా విషయంలో రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమను పట్టుకున్నది ఆ తర్వాత ఇరవై ఏళ్లకు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. దోమ కడుపులోకి వెళ్లిన సూక్ష్మ పురుగు మళ్లీ మనిషికి సోకే దశకు రావడానికి దాదాపు పన్నెండు రోజులు పడుతుంది. అన్ని రోజులూ ఆ దోమ బతికి ఉండాలి. ఒక దోమ ఇవాళ్టి నుంచి రేపటికి బతికే అవకాశం నూటికి 80 అనుకుందాం. పన్నెండు రోజులు దాటే అవకాశం 0.8ని పన్నెండుసార్లు హెచ్చవేస్తే వస్తుంది. అంటే నూటికి ఏడు. రోజువారీ అవకాశం 70కి పడిపోతే ఆ ఏడు కాస్తా ఒకటికి కొంచెం పైకి దిగుతుంది. పైగా మలేరియా క్రిమిలా ఈ పురుగు దోమలో సంఖ్య పెంచుకోదు. ఎన్ని లోపలికి వెళ్తే అంతకు మించి బయటికి రావు. కాబట్టి ఒక మనిషిలో వ్యాధి కుదురుకోవాలంటే ఏళ్ల తరబడి వేల కాట్లు పడాలి. ఇంత బలహీనమైన గొలుసుతో బతికే వ్యాధి శతాబ్దాలు నిలిచిందంటే, మన ఊళ్లలో దోమలు ఎంత విస్తారంగా ఉండేవో ఊహించుకోవచ్చు.

ఈ బలహీనతను ఆధారం చేసుకునే 1981లో ఆ పరిశోధన కేంద్రం అప్పటి డైరెక్టర్ పి.కె. రాజగోపాలన్ నాయకత్వంలో పుదుచ్చేరి పట్టణం మొత్తాన్ని ప్రయోగశాలగా తీసుకుంది. మందు చల్లడం మీదే ఆధారపడకుండా, నీరు నిలవకుండా చూడటం, కాలువలు పారేలా చేయడం, దోమ పిల్లల్ని తినే చేపల్ని వదలడం, వీటన్నిటినీ కలిపి 1985 దాకా నడిపారు. దోమలు గణనీయంగా తగ్గాయి. ప్రాజెక్టు ముగిసింది, దోమలు తిరిగి వచ్చాయి. దోమలు తిరిగి పెరిగాక వ్యాధిపై ఆ ప్రభావం ఎలా ఉందో పరిశీలించిన వ్యాసం 1992లో వెలువడింది. శాస్త్రవేత్తలు తమ ప్రాజెక్టు విజయాన్ని రాసుకోవడం మామూలే. అది ఆగాక ఏం జరిగిందో కూడా కొలిచి అచ్చువేయడం అరుదు. ఆ నిజాయితీకి పుదుచ్చేరి శాస్త్రవేత్తలను మెచ్చుకోవాలి. పట్టణ పాలన ఆ ఫలితాన్ని చదివి ఉంటే ఇంకా బాగుండేది.

ఆ గణాంకాలు వృథా పోలేదు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ శాస్త్రవేత్తలతో కలిసి తయారుచేసిన లింఫాసిమ్ అనే కంప్యూటర్ నమూనాకు పుదుచ్చేరి రక్తపరీక్షలు, దోమల లెక్కలే ఆధారమయ్యాయి. ఊరందరికీ ఏడాదికోసారి మందు ఇస్తే ఎన్నేళ్లకు వ్యాధి ఆగుతుందన్న ప్రశ్నను అందులో వేసి చూశారు. జవాబు అన్నిటికన్నా ఎక్కువగా ఒకే అంశం మీద ఆధారపడింది. అది ఎంతమంది నిజంగా మింగారన్నది.

ఆ మందులో తెలుగువారికి ప్రత్యేకమైన భాగం ఉంది. డైఇథైల్ కార్బమజైన్, అంటే డి.ఇ.సి., 1940ల చివరిలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని బృందం చేతుల్లో రూపుదిద్దుకుంది. గోదావరి జిల్లాల్లో తరాలుగా బోదకాలును ఎరిగిన ప్రజలకు ఇది యాదృచ్ఛికమే అయినా ముచ్చటైన సంగతి. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని తెలుగు పట్టణం యానాం కూడా అదే గోదావరి పాయ ఒడ్డున ఉంది.

2004 నుంచి దేశం ఊరూరా డి.ఇ.సి. పంచడం పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. తర్వాత ఆల్బెండజోల్ జతైంది. ఇటీవల కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి మూడు మందులు ఇస్తున్నారు. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారు తప్ప అందరూ మింగాలి. జబ్బు లేనివాడు మాత్ర ఎందుకు మింగాలన్నది జనం అడిగే న్యాయమైన ప్రశ్న. రక్తంలో పురుగు పిల్లలున్న మనిషికి కాళ్లు వాయకపోవచ్చు, నొప్పి ఉండకపోవచ్చు, తెలియకుండానే దోమలకు పంచుతూ ఉండొచ్చు. మింగాక జ్వరమో తలనొప్పో వచ్చిందంటే చాలాసార్లు లోపలి పురుగులు చచ్చిపోతున్న గుర్తు అది. ఈ మాట ముందే చెప్పకుండా మాత్రలు చేతిలో పెట్టి వెళ్లిపోతే, రెండో ఏడు ఆ మాత్రలు అలమరలోకే పోతాయి. రిజిస్టరులో మాత్రం పంపిణీ అయినట్టే ఉంటుంది.

పుదుచ్చేరిలో వ్యాధి వ్యాప్తి అంచనా సర్వేల తర్వాత ఈ సామూహిక పంపిణీ ఆపేశారు. ఇది చిన్న విజయం కాదు. అయితే ఆ సర్వే ఏం చెబుతుంది, ఏం చెప్పదు అన్నది తెలుసుకోవాలి. అందులో ఆరేడేళ్ల పిల్లల రక్తాన్ని పట్టీతో పరీక్షిస్తారు. ఇటీవలి కాలంలో పుట్టిన పిల్లల్లో పురుగు ఛాయలు లేవంటే వ్యాప్తి తగ్గిందని అర్థం. తర్కం సరైనదే. కానీ మిగిలిన పురుగులు ఎక్కువగా ఉండేది పెద్దవారిలో, మాత్రలను ప్రతి ఏడూ తప్పించుకున్నవారిలో. మూడు మందులు ఇచ్చిన ప్రాంతాల్లో ఇరవై ఏళ్లు దాటినవారిని పరీక్షించే పద్ధతి వచ్చింది అందుకే. పాత పద్ధతిలో గట్టెక్కిన ఊళ్లలోనూ ఆ పరీక్ష ఒకసారి జరపడం సబబు.

దీనికి పుదుచ్చేరి పరిశోధనే మరో కారణం ఇస్తుంది. మనిషి రక్తంలో పురుగు పిల్లలు ఎక్కువైతే క్యూలెక్స్ దోమలో అన్నీ పెరగవు. తక్కువగా ఉన్నప్పుడు మాత్రం లోపలికి వెళ్లిన వాటిలో ఎక్కువ భాగం పెరిగి బయటపడతాయి. అనాఫిలిస్ దోమల్లో కొన్ని జాతులు దీనికి విరుద్ధం. వ్యాధి తగ్గేకొద్దీ అవి దానంతట అదే ఆరిపోయేందుకు తోడ్పడతాయి. క్యూలెక్స్ అలా చేయదు. మిగిలిన నలుగురైదుగురి నుంచి కూడా అది పని జరిపించగలదు. మన ఊళ్లలో ఉన్నది ఇదే దోమ. కాబట్టి నూటికి ఒకటి కన్నా తగ్గిందన్న గీత దాటగానే నిశ్చింతగా ఉండటం పసిఫిక్ దీవుల్లో కొన్నిచోట్ల నప్పవచ్చు. పుదుచ్చేరికి, కాకినాడకు అంతగా నప్పదు.

డెంగీ వచ్చినప్పుడు పురపాలక సిబ్బంది ఇంటింటికీ వచ్చి కొబ్బరి చిప్పలు, టైర్లు వెతుకుతారు. అవి మంచినీటిలో పెరిగే ఈడిస్ దోమ కోసం. మురుగులో పెరిగే క్యూలెక్స్‌ను ఎవరూ పట్టించుకోరు. అది కుడితే చావరు కదా అన్న భావం కాబోలు. పుదుచ్చేరి కేంద్రం ఈడిస్ దోమల్లోకి వోల్బాకియా బాక్టీరియాను ఎక్కించిన కొత్త రకాలను తయారుచేసినట్టు 2022లో ప్రకటించినప్పుడు పత్రికలన్నీ రాశాయి. అదే పట్టణంలో క్యూలెక్స్ దోమల గుంపులను పట్టి, వాటిలో పురుగు డి.ఎన్.ఏ. ఉందేమో పరీక్షించే పద్ధతిపై జరిగిన పని ఎవరికీ వార్త కాలేదు. మనుషులను రాత్రిళ్లు నిద్రలేపకుండానే వ్యాధి తిరిగొస్తోందో లేదో ముందే చెప్పగల పద్ధతి అది. మాత్రలు ఆపిన ప్రతి జిల్లాలో ఇది ఏటేటా జరగాలి. ఫలితాలు పురపాలక సంఘం నోటీసు బోర్డు మీదికి రావాలి. నీటి నాణ్యత నివేదిక అడిగే హక్కు ఉన్నవారికి దోమ నివేదిక అడిగే హక్కు ఎందుకు ఉండకూడదు?

2016లో శ్రీలంక, మాల్దీవులు, 2023లో బంగ్లాదేశ్ బోదకాలును ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధృవీకరణ పొందాయి. మన దేశం గడువు 2015 నుంచి జరుగుతూ జరుగుతూ ఇప్పుడు 2027 దగ్గర ఆగింది. ఆ ధృవీకరణకు వాపుతో ఉన్న రోగుల సంరక్షణ కూడా ఒక షరతు. ఇప్పటికే కాలు వాచినవారికి మాత్రతో వాపు పోదు. రోజూ సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచి, పుండ్లు పడకుండా చూసుకుంటే మాటిమాటికీ వచ్చే జ్వరపు పోటు తగ్గుతుంది. వరిబీజం ఉన్నవారికి చిన్న శస్త్రచికిత్స చాలు. ఈ పనికి కంప్యూటర్ నమూనా అక్కర్లేదు. ఊరి నర్సుకు ఒక బేసిన్, ఒక సబ్బు, వారానికి ఒక గంట తీరిక ఇవ్వగలిగితే పుదుచ్చేరిలోనూ, గోదావరి తీరంలోనూ పని రేపే మొదలవుతుంది. కాలువ పూడిక తీయడానికి మాత్రం టెండరు పిలవాలి.