చైన్‌సా పదును మన చేతిలోనే ఉండాలి, అందుకు మంచి ఆకురాయి కావాలి

ఈసారి జీవామృతం గురించో కషాయాల గురించో కాదండి, ఒక చిన్న పనిముట్టు గురించి మాట్లాడుకుందాం. చైన్‌సా చైన్‌కి పదును పెట్టే గుండ్రటి ఫైలు. మా పెద్దవాళ్ళు ఆకురాయి అనేవారు. పదును పెట్టడం కింది వీడియోలో చేసి చూపించాను. కానీ ఎలాంటి ఫైలు కొనాలి అన్నది అందులో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నా.

ముందు మా ఇంట్లో జరిగిన సంగతి చెప్తాను. మామిడి కోతలు అయిపోయాక కొమ్మ కత్తిరింపులు మొదలుపెట్టాం. చైన్‌కి పదును పోయింది. టౌన్‌లో ఒక షాపులో గుండ్రటి ఫైలు అడిగితే 40 రూపాయలకి ఒకటి చేతిలో పెట్టారు. సైజు నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. గంటసేపు రుద్దాను. పన్ను మెరిసింది గానీ కోత పడలేదు. చెట్లేమో ఇంకా చాలా ఉన్నాయి. మా తమ్ముడు మిషన్‌ని కొమ్మ మీద గట్టిగా అదిమి కోస్తున్నాడు. ఒక్కసారిగా కొమ్మ మీద నుంచి జారి కిందికొచ్చింది. ప్యాంటు చిరిగింది, కాలు తప్పించుకుంది. ఆ రోజు మిషన్ పక్కన పెట్టేశాం. రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు మిషన్‌ది కాదు, తమ్ముడిది కాదు. మొద్దుబారిన చైన్ వాడి చేతికిచ్చిన నాది.

పదునున్న చైన్ తన బరువుతో తనే దిగుతుంది. మనం పట్టుకుంటే చాలు. పదును లేని దాన్ని అదమాలి, అదిమితే జారుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, బారు వేడెక్కుతుంది, నడుము పడిపోతుంది. కింద రాలే పొట్టు చూస్తేనే తెలిసిపోతుంది. పెళుసులు పెళుసులుగా పడితే పదును ఉన్నట్టు, పిండిలా రాలితే లేనట్టు. చెట్టుకీ నష్టమే. నలిగి, బెరడు చీలిన గాయం తొందరగా మానదు. అందులో నీరు నిలిచి తెగులు పడుతుంది. కోసిన చోట ఆవు పేడ, మట్టి కలిపి రాస్తాం కదా, అసలు కోతే నున్నగా ఉంటే ఆ పూతకి అర్థం ఉంటుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. విత్తనం మనదే, ఎరువు మనదే, బయట కొనేది తగ్గించాలి అని చెప్పుకునే మనం, చైన్ మొద్దుబారగానే టౌన్‌కి పరిగెత్తడం ఏమిటండి? ఒక పూట పోతుంది. షాపులో గ్రైండర్ మీద పెడితే పన్ను అవసరానికి మించి అరిగిపోతుంది. తొందరలో గట్టిగా ఆనిస్తే పన్ను వేడెక్కి నీలం రంగుకి తిరుగుతుంది. అలా తిరిగిందంటే ఉక్కు పస పోయినట్టే. ఆ పదును నిలవదు. రాయికో మేకుకో తగిలి పళ్ళు విరిగినట్టయితే గ్రైండర్ తప్పదు, అది ఒప్పుకుంటాను. రోజువారీ పదునుకి మాత్రం చేతి ఫైలే మేలు.

ఇప్పుడు ఫైలు ఎంచుకోవడం. మొదటిది సైజు. చైన్ పిచ్‌ని బట్టి ఫైలు మందం ఉంటుంది. చిన్న మిషన్లకి వచ్చే 3/8 లో ప్రొఫైల్ చైన్‌కి 4.0 మి.మీ., .325 చైన్‌కి 4.8 మి.మీ., పెద్ద మిషన్ల మామూలు 3/8 చైన్‌కి 5.2 మి.మీ. ఎక్కువగా వాడేవి ఇవే. అయినా మీ మిషన్ పుస్తకం ఒకసారి చూసుకోండి. ఫైలు లావైతే పన్ను అంచు మొండిగా తయారవుతుంది. నాకు జరిగింది ఇదే, 4.0 కావాల్సిన చోట 4.8 పెట్టి రుద్దాను. మరీ సన్నమైతే అంచు కొక్కెంలా లోపలికి తిరిగి, చెట్టుని పట్టి లాగుతుంది, పదునూ తొందరగా పోతుంది.

రెండోది నాణ్యత. కొనేముందు వెలుతురులో పెట్టి చూడండి. గాట్లు మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా ఉండాలి. తుప్పు మచ్చ ఉంటే వద్దనండి. గాజు బల్ల మీద దొర్లించండి, వంకర ఉంటే ఎగురుతుంది. అసలు పరీక్ష మాత్రం చైన్ మీదే. మంచి ఫైలు తేలిగ్గా నెట్టినా కొరుకుతుంది, సన్నటి రజను రాలుతుంది. చెడ్డది గాజు మీద మేకులా జారిపోతుంది. చైన్ పన్ను పైపొర క్రోమియం పూత, చాలా గట్టిది. మెత్తటి ఫైలు దాని మీద నాలుగు రుద్దులకే చస్తుంది. నేను తర్వాత కొన్న ఫైలు ధర మొదటిదానికి నాలుగు రెట్లు. కానీ 40 రూపాయల ఫైలు ఒక్క చైన్‌ని కూడా సరిచేయలేదు, ఇది సీజనంతా పనిచేసింది. ఏది చౌకో మీరే చెప్పండి.

వాడే తీరు వీడియోలో ఉంది, ముఖ్యమైనవి మళ్ళీ చెప్తున్నా. ఇంజన్ ఆపి, స్పార్క్ ప్లగ్ వైరు తీసి, చేతికి గ్లౌజు వేసుకోండి. బారు కదలకుండా బిగించండి. పొలంలో అయితే మొద్దుకి ఒక గాటు కోసి అందులో బారు దింపితే చాలు. ఫైలుని ముందుకి నెట్టేటప్పుడే ఆనించాలి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తాలి. ముందుకీ వెనక్కీ రుద్దితే ఫైలు గాట్లు పోతాయి. ఎక్కువ చైన్లకి 30 డిగ్రీల కోణం. గీతలున్న గైడ్ దొరుకుతుంది, కొత్తవాళ్ళు అది తప్పకుండా కొనండి. ఒక పంటికి మూడు రుద్దులైతే అన్నిటికీ మూడే. రెండు పక్కలా లెక్క తప్పితే కోత ఒక పక్కకి పోతుంది. పన్ను ముందుండే చిన్న మెట్టుని కొన్ని పదునుల తర్వాత చదును ఫైలుతో దించాలి. పన్నుకీ దానికీ మధ్య తేడా సుమారు 0.65 మి.మీ. ఎక్కువ దించితే మిషన్ ఎగిరి తంతుంది, అక్కడ ఆశ పనికిరాదు.

ఫైలుకి నూనె రాయకండి, రజను గాట్లలో కూరుకుపోతుంది. రుద్దే ముందు చైన్ మీది నూనె కూడా గుడ్డతో తుడవండి. పని అయ్యాక బ్రష్‌తో దులిపి, ఫైలుని విడిగా గుడ్డలో చుట్టి పెట్టండి. స్పానర్ల మధ్య పడేస్తే ఎంత మంచి ఫైలైనా పాడవుతుంది. అరిగిపోయిందనిపిస్తే మొహమాటం లేకుండా మార్చేయండి.

మా నాన్న కొడవలి పట్టేముందు అంచుని బొటనవేలితో అడ్డంగా తడిమి చూసేవాడు. బాగోలేకపోతే చేలోకి దిగేవాడు కాదు. మిషన్ వచ్చాక మనం ఆ అలవాటు మానేశాం. ఇప్పుడు పెట్రోలు పోసిన ప్రతిసారీ పంటికి రెండు మూడు రుద్దులు రుద్దడం మా ఇంట్లో పద్ధతి. పది నిమిషాల పని. తమ్ముడు ఇప్పుడు నన్ను మిషన్ ముట్టుకోనివ్వడు, ముందు చైన్ చూపించమంటాడు. అదీ మంచిదేనండి.

మీ మిషన్‌కి ఏ చైన్ ఉందో, ఏ ఫైలు మీకు బాగా పనిచేసిందో కింద రాయండి. మిగతా రైతులకి పనికొస్తుంది.